ఇరింగాలో కాపురం పెట్టడం ఎలా: టాంజానియా కొండ ఊరికి వాలంటీర్లుగా వెళ్ళే దంపతులకు

"ఇద్దరం కలిసి ఓ ఏడాది ఆఫ్రికాలో వాలంటీర్లుగా చేద్దామనుకుంటున్నాం. ఇరింగాలో అవకాశం వచ్చింది. అక్కడ చలి ఎంత ఉంటుంది? పప్పులు దొరుకుతాయా? పని ఒక్కరికే వస్తే రెండో మనిషి ఏం చేయాలి?" అడిగేవాళ్ళు మారుతున్నారు కానీ ప్రశ్నలు ఇవే. అందుకే వరసగా రాస్తున్నాను. ఇరింగాకే రాసినా, ఇంకా దక్షిణాన ఉన్న ఎంజోంబె, ఎంబెయా ఊళ్ళకి వెళ్ళేవాళ్ళకీ ఇందులో చాలా మటుకు పనికొస్తుంది.

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పాలి. పని కుదిరితే మిగతావన్నీ వాటంతట అవే సర్దుకుంటాయని వెళ్ళిన దంపతులే ఎక్కువగా అవస్థ పడతారు. ఊరు మీ ఇద్దరినీ విడివిడిగా గుర్తుపట్టే దాకా మీరు కుదురుకున్నట్టు కాదు. కింద చెప్పే ప్రతి పనిలోనూ "ఇది మా ఇద్దరిలో ఎవరైనా ఒంటరిగా చేయగలరా?" అని అడుగుతూ వెళ్ళండి.

ఊరి గురించి రెండు ముక్కలు

ఇరింగా టాంజానియా దక్షిణ ఎత్తు ప్రాంతంలో, సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. మన హార్స్‌లీ హిల్స్ కన్నా ఎత్తు. హెహె జనం ఊరు ఇది. 1891లో లుగాలో దగ్గర జర్మన్ సైన్యాన్ని ఓడించిన ఎంక్వావా వీళ్ళ నాయకుడే. ఆయన పేరు ఊళ్ళో ఇప్పటికీ గౌరవంగా వినిపిస్తుంది, తెలుసుకుని వెళ్ళండి. భూమధ్యరేఖకి అవతల కాబట్టి కాలాలు తిరగబడతాయి: మనకి ఎండలు మండి తొలకరి పడే జూన్‌లో అక్కడ చలి మొదలై ఆగస్టు దాకా ఉంటుంది. వానలు దాదాపు నవంబరు చివర మొదలై ఏప్రిల్ దాకా పడతాయి. మీ చేతుల్లో ఉంటే మే నెలలో చేరండి. వానలు తగ్గి రోడ్లు బాగుంటాయి, చలి ముదిరేలోపు ఇల్లు సర్దుకోవచ్చు.

కావాల్సినవి

- ఇద్దరి పాస్‌పోర్టులు, వెళ్ళే తేదీ నుంచి కనీసం ఆరు నెలల గడువుతో. పర్మిట్ రెండేళ్ళకి అడుగుతుంటే పాస్‌పోర్టు కూడా అంతకాలం ఉండేలా చూసుకోండి.
- రిజిస్ట్రారు ఆఫీసు ఇచ్చిన వివాహ ధృవపత్రం. శుభలేఖ, ఫొటోలు చెల్లవు.
- డిగ్రీ సర్టిఫికెట్లు, వాటి నోటరీ నకళ్ళు. నర్సులు, డాక్టర్లు అయితే మీ రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ కూడా.
- పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారా పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్. పిల్లలతో పనిచేసే చోట తప్పకుండా అడుగుతారు.
- పిలిచిన సంస్థ నుంచి ఇద్దరి పేర్లూ ఉన్న ఆహ్వాన పత్రం.
- ఎల్లో ఫీవర్ టీకా పసుపు పుస్తకం, ఇద్దరికీ.
- ఆస్పత్రి ఖర్చులతో పాటు విమానంలో తరలించే ఖర్చూ భరించే బీమా.
- మూడు నెలల ఖర్చుకి సరిపడా సొంత డబ్బు. వాలంటీరు భత్యం మొదటి నెల సమయానికి రాకపోవచ్చు.

1. పర్మిట్ సంగతి ఇద్దరికీ విడివిడిగా తేల్చుకోండి

టూరిస్టు వీసా మీద వాలంటీరు పని చేయకూడదు. జీతం లేదుగా అంటే ఒప్పుకోరు. వాలంటీర్లకి ఇచ్చేది క్లాస్ సి రెసిడెన్స్ పర్మిట్. దాన్ని పిలిచిన సంస్థ మీ తరఫున ఆన్‌లైన్‌లో పెట్టాలి.

చిక్కు దంపతుల దగ్గర వస్తుంది. ఇద్దరూ పనిచేస్తుంటే ఇద్దరికీ చెరో క్లాస్ సి కావాలి. ఒక్కరే పనిచేస్తుంటే రెండోవారికి డిపెండెంట్ పాస్ ఇస్తారు, దాని మీద ఏ పనీ చేయడానికి వీల్లేదు. "అక్కడికి వెళ్ళాక ఏదో ఒక బడిలో చేరతాలే" అనుకుని డిపెండెంట్ పాస్ మీద వెళ్ళి, ఆ తర్వాత ఏడాదంతా ఇంట్లో కూర్చోవాల్సి వచ్చిన వాళ్ళున్నారు. రెండోవారికి కూడా వారానికి రెండు రోజుల పనైనా సరే రాతపూర్వకంగా కుదుర్చుకుని క్లాస్ సి అడగడమే మంచిది. రుసుము డాలర్లలో ఉంటుంది, తక్కువేమీ కాదు. ఎవరు కడతారో ముందే రాయించుకోండి.

హెచ్చరిక: ఇంటి దగ్గర టిఫిన్లో చీరలో అమ్ముకుందామనే ఆలోచన పెట్టుకోకండి. విదేశీయులు చేయకూడని చిన్న వ్యాపారాల జాబితాని అక్కడి ప్రభుత్వం 2025 జూలైలో ప్రకటించింది. పర్మిట్టే పోతుంది.

మన ఇంటిపేర్లతో ఇంకో తిప్పలు. భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, వివాహ ధృవపత్రంలో అత్తింటి ఇంటిపేరు ఉంటే ఫైలు ఆగిపోతుంది. పేరులో ప్రతి అక్షరం అన్ని కాగితాల్లోనూ ఒకేలా ఉందో లేదో ఇద్దరూ కూర్చుని ఒకరిది ఒకరు చదివి సరిచూసుకోండి. తేడా ఉంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సరిచేయించుకోవడం తేలిక, అక్కడి నుంచి చేయించడం నరకం.

ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్ళు టాంజానియా కౌన్సిల్‌లో కూడా నమోదు కావాలి. అది తేలేదాకా రోగిని ముట్టుకోకండి.

2. టీకాలు, మలేరియా

విమానం సాధారణంగా అడిస్ అబాబా, నైరోబీ లేదా దుబాయ్, దోహాల మీదుగా వెళుతుంది. ఇథియోపియా, కెన్యా ఎల్లో ఫీవర్ దేశాల కిందికి వస్తాయి కాబట్టి వెళ్ళేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ టీకా పుస్తకం అడిగే అవకాశం ఉంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది, ఆఖరి వారానికి పెట్టుకోకండి. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

ఇరింగా ఎత్తు మీద ఉంది కాబట్టి మలేరియా పల్లంలో కన్నా తక్కువ. తక్కువ అంటే లేదని కాదు. పైగా మీరు విమానం దిగే తీర నగరం దారెస్సలాంకి, రువాహా నేషనల్ పార్కుకి వెళ్ళొచ్చిన రెండు వారాల్లోనే చాలామందికి జ్వరం వస్తుంది. దోమతెర, రాత్రి నిండు చేతుల చొక్కా, డాక్టరు రాసిన నివారణ మాత్రలు వాడండి. జ్వరం వస్తే అదే రోజు వేలి రక్తంతో పరీక్ష చేయించుకోండి. పారాసిటమాల్ వేసుకుని రేపు చూద్దాం అనుకోకూడదు. తిరిగి ఇండియా వచ్చాక జ్వరం వచ్చినా "టాంజానియా నుంచి వచ్చాం" అన్న మాటే డాక్టరుకి మొదట చెప్పండి.

3. ఏం మోయాలి, ఏం మోయకూడదు

మోయాల్సినవి: మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్, దానికి రెండు అదనపు రబ్బర్లు, ఒక సేఫ్టీ వాల్వు. చిన్న మిక్సీ. కరెంటు మనలాగే 230 వోల్టులే, ప్లగ్గు మాత్రం మూడు చదరపు పిన్నులది. నాలుగు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి పట్టుకెళ్ళి, దానికి ఒక్క మంచి అడాప్టర్ పెడితే సరిపోతుంది. మిక్సీ మాత్రం గోడ సాకెట్ నుంచే నడపండి. ఇంగువ, ఆవాలు, మెంతులు, ఆవకాయ, సాంబారు పొడి కొద్దికొద్దిగా తీసుకెళ్ళండి. కళ్ళజోడు వాడేవాళ్ళు రెండోది, రోజువారీ మందులు వాడేవాళ్ళు చీటీతో సహా మూడు నెలలకి సరిపడా.

మోయకూడనివి: గసగసాలు. దుబాయ్ మీదుగా వెళ్ళేవాళ్ళు మసాలా పొడిలో కలిసిన గసగసాలు కూడా తీసేయండి. అక్కడ అవి నిషిద్ధం, జైలు దాకా పోతుంది. మొక్కలు, విత్తనాలు వద్దు. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు వద్దు, 2019 జూన్ 1 నుంచి టాంజానియాలో నిషేధం. అమ్మ కట్టించిన పొట్లాలన్నీ డబ్బాల్లోకి మార్చుకోండి. బరువైన స్వెట్టర్లు, రగ్గులు కూడా మోయక్కర్లేదు. ఇరింగా బజారులో మితుంబా అని సెకండ్ హ్యాండ్ బట్టల అంగళ్ళు ఉంటాయి, మంచి ఉన్ని కోట్లు చవగ్గా దొరుకుతాయి.

4. దారెస్సలాంలో రెండు రోజులు ఆగండి

దిగిన రోజే బస్సెక్కకండి. ఈ రెండు రోజుల్లో మూడు పనులు అవుతాయి. ఒకటి, చెరో సిమ్: పాస్‌పోర్టు చూపించి వేలిముద్ర ఇచ్చి తీసుకోవాలి. ఒక్కరి పేరు మీద రెండూ తీసుకోవద్దు, ఎందుకంటే ఎం-పెసా లాంటి ఫోన్ డబ్బు ఖాతా సిమ్ మీదే ఉంటుంది. ఊళ్ళో అద్దె నుంచి కరెంటు దాకా దానితోనే కడతారు. ఖాతా ఒక్కరి పేరు మీదే ఉంటే రెండోవాళ్ళు ప్రతి చిన్న కొనుగోలుకీ ఫోన్ చేసి అడగాలి. రెండు, కిసుతు పేటలో మన సరుకులు: మినప్పప్పు, ఇడ్లీ రవ్వ, కరివేపాకు పైన కొండ మీద అడిగినప్పుడల్లా దొరకవు. మూడు, భారత హైకమిషన్‌లో మీ ఇద్దరి వివరాలు నమోదు.

5. కొండెక్కే బస్సు, గడియారం

ఇరింగా దారెస్సలాం నుంచి దాదాపు 500 కిలోమీటర్లు. ఎంబెజిలో ఉన్న మగుఫులి బస్ స్టాండు నుంచి తెల్లవారుజామునే బస్సులుంటాయి. దారి మొరొగోరో మీదుగా, మికుమి నేషనల్ పార్కు మధ్య నుంచి, తర్వాత కితొంగా ఘాట్ రోడ్డు ఎక్కి పోతుంది. పార్కులో జిరాఫీలు, ఒక్కోసారి ఏనుగులు కిటికీలోంచే కనిపిస్తాయి. ఘాట్‌లో లారీలు ఆగిపోతే గంటలు పడుతుంది, కాబట్టి రాత్రి బస్సు వద్దు, పగటి బస్సే ఎక్కండి.

అందరూ పొరబడే చోటు ఇదే. అక్కడి భాష స్వాహిలీలో రోజు లెక్క పొద్దుపొడుపు నుంచి మొదలవుతుంది. మన ఉదయం ఏడు వాళ్ళకి ఒకటో గంట, "సా మోజా". మన ఉదయం ఆరు వాళ్ళకి పన్నెండు. బస్సు "పన్నెండింటికి" అంటే మధ్యాహ్నం తీరిగ్గా వెళ్ళేవాళ్ళకి ఖాళీ స్టాండు కనిపిస్తుంది. ముళ్ళ గడియారంలో చెప్పిన అంకెకి సరిగ్గా ఎదురుగా ఉన్న అంకె చూడండి, అదే మన టైము. టికెట్ మీద రాసిన టైము ఏ లెక్కలో ఉందో ప్రతిసారీ అడిగి, "తెల్లారా, రాత్రా" అని కూడా తేల్చుకోండి.

6. ఇల్లు

మొదటి రెండు మూడు వారాలు సంస్థ గెస్ట్‌హౌస్‌లోనో లాడ్జిలోనో ఉండి ఇల్లు వెతకండి. ఇళ్ళు చూపించే మధ్యవర్తిని దలాలి అంటారు. సాధారణంగా ఒక నెల అద్దె తనకి ఇవ్వాలి. ఇంటివాళ్ళు ఆరు నెలల అద్దె, కొన్నిసార్లు ఏడాదిది ఒకేసారి అడుగుతారు. మూడు నెలలకి బేరం చేసి చూడండి. సంస్థ ముందు పెట్టుబడిగా ఇచ్చి భత్యంలో కోసుకునే ఏర్పాటు ఉంటే ఇంకా నయం.

డబ్బు చేతులు మారేలోపు చూడాల్సినవి:

- నీళ్ళ ట్యాంకు ఉందా? సిమ్ ట్యాంక్ అంటారు. కుళాయి రోజంతా రాదు. కనీసం వెయ్యి లీటర్ల ట్యాంకు లేని ఇల్లు వదిలేయండి.
- రేకుల కింద సీలింగ్ ఉందా? లేకపోతే జూలై రాత్రులు గడవవు, వానాకాలంలో మాట వినపడదు.
- కరెంటు మీటరు ఎవరి బాకీలో ఉంది? లుకు అనే ప్రీపెయిడ్ మీటరు ఉంటుంది. ఫోన్‌లో డబ్బు కడితే ఇరవై అంకెల నంబరు వస్తుంది, అది మీటరులో కొట్టాలి. పాత బాకీ ఉంటే మీరు కట్టిన దాంట్లోంచే కోసేస్తారు. వెయ్యి షిల్లింగులకి కొని ఎన్ని యూనిట్లు పడ్డాయో చూస్తే తెలిసిపోతుంది. ఇంటి పన్ను కూడా 2021 నుంచి ఈ మీటరు ద్వారానే వసూలు చేస్తున్నారు, అందుకని కొంచెం కోత కనిపిస్తే కంగారు పడకండి.
- భార్య, భర్త చెరోసారి ఒంటరిగా, పొద్దుగూకే వేళ ఆ వీధిలో నడిచి చూడండి. ఇద్దరికీ ధైర్యంగా అనిపించిన ఇల్లే తీసుకోండి.

దిగిన వారంలోపు పేట పెద్దని, అంటే మ్వెన్యెకిటి వా మ్తాని కలవండి. సంస్థ ఇచ్చిన పరిచయ పత్రం పట్టుకుని ఇద్దరూ కలిసి వెళ్ళాలి. ఇది ఉత్త తంతు అనుకోకండి. రేపు దొంగతనం జరిగినా, జబ్బు చేసినా మొదట కదిలేది ఆ మనిషే.

7. వంటిల్లు

తెలుగువాళ్ళకి ఇరింగా బజారు పరాయిది కాదు. పేర్లు తెలిస్తే చాలు, మన వంటింట్లో ముప్పాతిక భాగం అక్కడే ఉంది:

కందులు ఎంబాజి. పెసలు చొరోకొ. శనగలు దెంగు. అలసందలు కుందె. వేరుశనగ కరంగా. చింతపండు ఉక్వాజు. తోటకూర మ్చిచా. బెండకాయ బామియా, వంకాయ బిలింగాన్య. పచ్చిమిర్చి పిలిపిలి, అల్లం తంగవీజి, వెల్లుల్లి సౌము. పసుపు మంజానో. రాగులు ఉలేజి, జొన్నలు మ్తామా. బియ్యంలో క్యేలా బియ్యం అడగండి, ఎంబెయా వైపు పండే సువాసన రకం.

రాయలసీమ వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి: ఉలేజి పిండితో సంగటి బ్రహ్మాండంగా వస్తుంది. కాకపోతే దుకాణాల్లో అమ్మే ప్యాకెట్లలో చాలావాటిల్లో సోయా, వేరుశనగ, మొక్కజొన్న కలిపి ఉంటాయి, జావకి తప్ప పనికిరావు. బజారులో రాగులే కొని పిండిమరలో పట్టించుకోండి. వాళ్ళ ఉగాలి మొక్కజొన్న పిండితో చేసే సంగటే. ఎవరింటికైనా పిలిచి పెడితే కుడి చేత్తో ముద్ద చేసి తినండి, మనకి నేర్పాల్సిన పని లేదు.

కందిపప్పు పొట్టు తీసి బద్దలు చేసింది దొరకకపోతే ఎంబాజి రాత్రంతా నానబెట్టి, కుక్కర్‌లో ఉడికించి, గరిటెతో మెదిపి పప్పు చేసుకోవచ్చు. రుచి కొంచెం మోటుగా ఉన్నా మంచి పప్పు.

ఎత్తు వల్ల వచ్చే మార్పు: ఇరింగాలో నీళ్ళు సుమారు 95 డిగ్రీలకే మరుగుతాయి. మూతలేని గిన్నెలో పప్పు ఎంతసేపు మరిగినా పలుకు పోదు. ఇక్కడ మూడు కూతలకి ఉడికేది అక్కడ ఐదుకి పెట్టి చూడండి. అన్నానికి కొంచెం నీళ్ళు ఎక్కువ పట్టండి. తాగే నీళ్ళు సలసలా మరిగాక ఒక నిమిషం చాలు, గ్యాసు దండగ చేయక్కర్లేదు. నీళ్ళు మురికిగా ఉంటే ముందు వడగట్టి తర్వాత మరిగించండి.

ఇడ్లీ పిండి జూన్, జూలైల్లో పులవదు. రాత్రి ఆపేసిన ఓవెన్‌లో గిన్నె పెట్టి, పక్కన వేడినీళ్ళ గిన్నె ఉంచండి. ఓవెన్ లేకపోతే గిన్నెని దుప్పటిలో చుట్టి పెట్టెలో పెట్టండి. రెండో రోజుకి గాని పొంగదు, ఓపిక పట్టాలి. పెరుగు కూడా అంతే. తోడుకి వాళ్ళ మ్తిండి పెరుగు వాడుకోవచ్చు.

బజారులో తూకం తక్కువ, కొలతలు ఎక్కువ. కూరగాయలు ఫుంగు అని చిన్న చిన్న కుప్పలుగా పెట్టి అమ్ముతారు. బియ్యం, పప్పులు సాడో డబ్బాతో కొలుస్తారు, అది దాదాపు నాలుగు లీటర్లు. కొలిచేటప్పుడు డబ్బా అడుగు లోపలికి నొక్కి ఉందేమో చూడండి. "పుంగూజా కిదోగొ", కొంచెం తగ్గించండి, అని నవ్వుతూ అడగొచ్చు. రెండుసార్లు అడిగి ఊరుకోండి. ఒకే ఆవిడ దగ్గర నాలుగు వారాలు కొంటే ఆవిడే కొసరు వేస్తుంది.

వంటగ్యాసు సిలిండర్లు ఆరు, పదిహేను కిలోలవి దొరుకుతాయి. పొయ్యి, రెగ్యులేటరు అక్కడే కొనండి, మనవి సరిపడవు.

8. పలకరింపులు

ఈ మెట్టు మీద తొందరపడకండి. ఇరింగాలో పలకరించకుండా పని చెప్పడం మొరటుతనం. దుకాణానికి వెళ్ళి నేరుగా "రెండు కిలోల చక్కెర" అంటే ఇస్తారు, కానీ మనసులో పెట్టుకుంటారు.

పెద్దవాళ్ళకి "షికామో" అనాలి, వాళ్ళు "మరహబా" అంటారు. మీకన్నా పదేళ్ళు పెద్దగా కనిపించిన ప్రతి ఒక్కరికీ అనండి. ఈడువాళ్ళని "హబారి జ ఆసుబుహి", పొద్దున ఎలా ఉంది, అని అడగండి, జవాబు "న్జూరి", బాగుంది. కుర్రకారు "మాంబో" అంటే "పోవా" అనండి. ఎవరింటి గుమ్మం దగ్గరైనా "హొది" అని ఆగి, లోపల్నుంచి "కరీబు" వినిపించాకే అడుగు పెట్టండి. బరువు మోస్తున్నవాళ్ళని, పనిలో ఉన్నవాళ్ళని చూస్తే "పోలె", అయ్యో కష్టపడుతున్నారే, అనండి. హెహె పెద్దలని వాళ్ళ భాషలోనే "కమ్వెనె" అని పలకరిస్తే ముఖం వెలిగిపోతుంది.

ఆ తర్వాత ఇల్లు, పని, పిల్లలు, నిద్ర అన్నిటి గురించీ వరసగా అడుగుతారు. తెలుగు పల్లెలో పెరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు. నగరంలో అలవాటు తప్పిన వాళ్ళే ఇబ్బంది పడతారు.

దంపతులకి ముఖ్యమైనది: మొదటి వారంలోనే "పిల్లలెంతమంది?" అని అడుగుతారు. లేకపోతే "బాదో", ఇంకా లేదు, అనండి. ఆ ఒక్క మాటతో సంభాషణ మర్యాదగా ముగుస్తుంది. "మాకు అక్కర్లేదు" అని వివరించబోతే జాలిపడి గంట మాట్లాడతారు. పిల్లలు ఉంటే తల్లిని పెద్దబిడ్డ పేరుతో "మామా ఫలానా" అని పిలుస్తారు. అలా పిలవడం మొదలైతే మిమ్మల్ని వీధిలో కలుపుకున్నట్టే.

వీధిలో పిల్లలు "మ్‌హిందీ" అని కేక వేస్తారు, భారతీయులు అని. ఇరింగాలో తరాలుగా భారతీయ మూలాల వర్తక కుటుంబాలున్నాయి, ఇస్మాయిలీ జమాత్‌ఖానా ఊరి నడిబొడ్డునే ఉంది. అందువల్ల మిమ్మల్ని కొత్తలో కొట్టువాళ్ళే అనుకుంటారు, ధర కూడా ఆ లెక్కలోనే చెప్తారు. కోపం తెచ్చుకోకుండా పేరు, పనిచేసే చోటు చెప్పండి.

బయల్దేరే ముందే అంకెలు, పలకరింపులు నేర్చుకోండి. స్వాహిలీ మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మన నోటికి తేలిగ్గా పలుకుతాయి. ఇద్దరూ ఒకే పాఠం నేర్చుకోండి కానీ బయట ఒకరి తరఫున ఒకరు మాట్లాడకండి. బాగా వచ్చినవారు మాట్లాడుతూ పోతే రెండోవారు ఆర్నెల్లయినా నోరు విప్పలేరు.

9. పని, మొదటి నెల

మొదటి నాలుగు వారాలు ఏమీ మార్చకండి. ఏ ఆఫీసుకి వెళ్ళినా అతిథుల పుస్తకంలో సంతకం పెట్టి, పెద్ద అధికారి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరినీ పలకరించండి. పొద్దున పది ప్రాంతంలో చాయ్‌కి లేస్తారు, "నాకు పనుంది" అని కూర్చోవద్దు. అసలు సంగతులు అక్కడే తెలుస్తాయి.

ఇద్దరూ ఒకే సంస్థలో చేస్తుంటే వేర్వేరు గదులు, వేర్వేరు పైఅధికారులు ఉండేలా అడగండి. భర్తని అడిగితే భార్య పని తేలుతుందని, లేదా భార్యకి చెబితే భర్తకి చెప్పినట్టేనని జనం అనుకోవడం మొదలైతే తర్వాత మార్చలేరు. ఒకరికే పని ఉంటే రెండోవారి వారం ఖాళీగా వదలకండి: స్వాహిలీ పాఠం, చర్చి లేదా మసీదు దగ్గరి మహిళల సంఘం, చేతిపనులు చూడటానికి వికలాంగులకి ఉపాధినిచ్చే నీమా క్రాఫ్ట్స్, పొద్దున్నే గంగిలొంగా బండ దాకా నడక. డిపెండెంట్ పాస్ మీద ఉన్నవాళ్ళు నేర్చుకోవడానికే పరిమితం కండి, పని కిందికి వచ్చేదేదీ చేయకండి.

ఇంటికి ఫోన్ చేసే వేళ కూడా ముందే అనుకోండి. మనం వాళ్ళకన్నా రెండున్నర గంటలు ముందున్నాం. అక్కడ సాయంత్రం ఏడున్నరకి పని ముగించుకుని చేస్తే ఇక్కడ అమ్మానాన్నలకి పది అవుతుంది.

10. చలి, నిప్పు, బట్టలు

ఇది పొట్టిగా చెప్తాను కానీ ప్రాణాల మీది మాట. బొగ్గు కుంపటిని మూసిన గదిలో పెట్టుకుని పడుకోకండి. విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. వేడినీళ్ళ రబ్బరు సంచి, రెండు దుప్పట్లు, మేజోళ్ళు చాలు. బయట ఆరేసిన బట్టలన్నిటినీ, లోపలి బట్టలతో సహా, ఇస్త్రీ చేయండి. తడి బట్టల మీద ఒక రకం ఈగ గుడ్లు పెడుతుంది, పురుగు చర్మంలోకి దిగుతుంది. చల్లగా ఉందని ఎండని తక్కువ అంచనా వేయకండి, ఎత్తు మీద చర్మం త్వరగా కమిలిపోతుంది. టోపీ పెట్టుకోండి.

తరచూ జరిగే పొరపాట్లు

వంట, బజారు అంతా భార్యకి, బ్యాంకు, ఆఫీసు అంతా భర్తకి వదిలేయడం అన్నిటికన్నా పెద్దది. ఒకరికి జ్వరం వచ్చిన రోజున ఇల్లు ఆగిపోతుంది. పాస్‌పోర్టులు రెండూ ఒకే సంచిలో పెట్టడం ఇంకొకటి. ప్రభుత్వ భవనాలు, సైనికులు, వంతెనల ఫొటోలు తీయడం. చీకటి పడ్డాక తెలియని మోటారు సైకిల్ ఎక్కడం: తెలిసిన బజాజీ, అంటే మన ఆటో, నడిపే మనిషి నంబరు ఒకటి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకోండి. రాజకీయ సభలకి, ఊరేగింపులకి చూడటానికైనా వెళ్ళడం. పొరుగువాళ్ళు అడిగినప్పుడల్లా అప్పు ఇవ్వడం కూడా ఇందులోకే వస్తుంది. ఇవ్వదలిస్తే తిరిగి రాదనుకున్నంత ఇవ్వండి, ఆ మొత్తం ఎంతో దంపతులు ముందే అనుకోండి.

కుదురుకున్నారో లేదో ఎలా చూడాలి

నెల తిరిగే సరికి ఒక శనివారం ఇద్దరూ విడివిడిగా, ఫోన్ చేసుకోకుండా, ఈ పనులు చేసి చూడండి: బజారులో వారానికి కూరగాయలు కొనడం, లుకు కొని మీటరులో కొట్టడం, పొరుగింటి పెద్దావిడని ఇంటి గుమ్మం దగ్గర పద్ధతిగా పలకరించడం, దలదలా అనే షేర్ వ్యాన్ ఎక్కి ఊరి అవతలికి వెళ్ళి తిరిగి రావడం, జ్వర పరీక్ష చేసే దగ్గరి ఆస్పత్రి గేటు దాకా వెళ్ళి రావడం. ఒక్కటి ఎవరికి రాకపోయినా వచ్చే వారం ఆ పని వాళ్ళకే వదిలేయండి.

మూడో నెలలో ఇంకో పరీక్ష. భార్య లేకుండా భర్త వీధిలో వెళుతుంటే "ఆవిడ ఎక్కడ?" అని మాత్రమే అడుగుతున్నారా, లేక ఆయన పని సంగతి కూడా అడుగుతున్నారా? ఆమె విషయంలోనూ అలాగే గమనించండి. జోడీ గురించే అడుగుతుంటే ఆ వ్యక్తికి ఊళ్ళో సొంత పరిచయాలు ఇంకా ఏర్పడలేదన్నమాట. వారానికి ఒక సాయంత్రం చెరో చోటికి వెళ్ళడం మొదలుపెట్టండి.

అప్పటికీ ఒకరికి నిద్ర పట్టకపోవడం, తిండి తినబుద్ధి కాకపోవడం, రోజూ ఏడుపు రావడం ఉంటే అది పట్టుదలతో గెలవాల్సిన విషయం కాదు. సంస్థకి చెప్పి డాక్టరుని కలవండి, అవసరమైతే ముందే తిరిగొచ్చేయండి. ఆ మాట ఎవరు అన్నా రెండోవారు వాదించకూడదని బయల్దేరేముందే ఒప్పుకుని ఉండండి.

పర్మిట్ పొడిగించాలనుకుంటే గడువుకి కనీసం రెండు నెలల ముందు, ఇద్దరి దరఖాస్తులూ ఒకే రోజు పెట్టించండి. ఒకరిది ముందు వచ్చి రెండోది ఆగిపోతే ఆ వ్యక్తి దేశం విడిచి వెళ్ళాల్సి రావచ్చు.